పలు వృత్తులు, స్వీయరచన: వట్టికోట ఆళ్వారుస్వామిగారి జీవితము చెప్పు పాఠము

మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసందర్భమున వెలువడు సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. జమాఖర్చులు వ్రాయుట నా వృత్తి. తీరిక వేళల ప్రాచీన కావ్యములు చదువుకొనుట నా వ్యసనము. ఆ రెండింటి నడుమ నాకు చాలకాలముగా నొక సందేహము కలదు. జీవితమంతయు నొకే కొలువులో కుదురుగా గడపినవారికంటె, పొట్టకూటికై పది పనులు పట్టి పది యూళ్లు తిరిగినవారే తమ అనుభవములను అక్షరములలో పెట్టుటకు ఎక్కువ తహతహపడుదురేల? లోకము అట్టివారిని నిలకడలేనివారని నిందించును. చరిత్ర మాత్రము వేరొక సాక్ష్యము చెప్పుచున్నది. ఆ సాక్ష్యమును మన పొరుగున జన్మించిన ఒక మహనీయుని జీవితమునుండి పాఠకుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ప్రాచీనుల మాట. ఏడవ శతాబ్దమునందలి సంస్కృత గద్యకవి బాణభట్టు 'హర్షచరితము' ఆరంభమున తన కథనే చెప్పుకొనెను. రాజు కథకు ముందు తన కథ చెప్పుటకు ఆ కాలమున ఎంత ధైర్యము కావలెనో పాఠకులు ఊహింపగలరు. బాల్యముననే తల్లి పోయెను. పదునాలుగవ యేట తండ్రి పోయెను. పిమ్మట ఆయన ఇల్లు విడిచి దేశద్రిమ్మరియై తిరిగెను. తనతో తిరిగిన మిత్రులను పేరుపేరున చెప్పెను. వారిలో పాముల వైద్యుడు కలడు, స్వర్ణకారుడు కలడు, చిత్రకారుడు కలడు, మద్దెలకాడు, జూదరి, ఇంద్రజాలికుడు, తాంబూలమిచ్చువాడు కలరు. గ్రంథాలయ పాఠకులు సంతోషింపదగిన సంగతి యేమనగా, పుస్తకములు చదివి వినిపించువాడొకడును, వ్రాయసకాడొకడును ఆ పట్టికలో నున్నారు. బాణుడు తన్ను గూర్చి చెప్పబోయి ఇందరిని గూర్చి చెప్పెను. 'నేను' అను మాటలో ఇందరు మనుష్యులు పట్టుదురని ఆ తిరుగుడే ఆయనకు నేర్పెను.

ఇక మన తెలుగు విషయము. 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి ఏనుగుల వీరాస్వామయ్య యనువారు సపరివారముగా కాశీయాత్రకు బయలుదేరిరి. ఈయనకును బాల్యముననే పితృవియోగము కలిగెను. పసితనముననే కుంపిణీ కచ్చేరీల పనిలో ప్రవేశించి, దుబాసీ పనులు చేసి, తుదకు చెన్నపట్టణపు సుప్రీంకోర్టున దుబాసీయైరి. ఒక భాషలో పలికిన వాఙ్మూలమును మరియొక భాషలో తప్పులేకుండ చెప్పుట ఆయన నిత్యకృత్యము. ఆ కొలువు నేర్పిన నిక్కచ్చితనమంతయు ఆయన యాత్రాలేఖనమున కనబడుచున్నది. ఆయన శ్రీశైలము మీదుగా కృష్ణ దాటి, మన పాలమూరు మెట్టసీమలో వనపర్తి, జడ్చర్ల మార్గమున హైదరాబాదు చేరిరి. త్రోవలో బాట యెట్లున్నది, మజిలీ యెంత దూరము, నీళ్లు దొరకునా, ఏ నాణెము చెల్లును, సుంకమెవరు వసూలుచేయుదురు అను సంగతులన్నియు నాటికి నాడు వ్రాసి, కోమళేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను మిత్రునికి పంపుచుండిరి. 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. ఆ లేఖలే 'కాశీయాత్రచరిత్ర'యై 1838లో అచ్చుపడెను. అప్పటికి ఆయన స్వర్గస్థులై రెండేండ్లు గడచెను. రెండువందల యేండ్లనాటి మన పాలమూరు బాటలను ఒక తెలుగువాని కన్నులతో చూడవలెనన్న, నేడు మనము చదువవలసినది ఆ దుబాసీ వ్రాతలనే.

ఇప్పుడు ముఖ్యకథకు వత్తును.

వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1915వ సంవత్సరము నవంబరు 1వ తేదీన మన పొరుగుననే యున్న నకిరేకల్ ప్రాంతమునందలి యొక చిన్న పల్లెలో, బీద వైష్ణవ కుటుంబమున జన్మించిరి. బాణునివలెనే, వీరాస్వామయ్యవలెనే ఈయనకును చిన్ననాడే తండ్రి పోయెను. బడి చదువు సాగు దారి లేకపోయెను. అంతట ఆయన ఒక ఉపాధ్యాయునికి వంట చేసిపెట్టుచు, ఆ యింటనే నాలుగు అక్షరములు నేర్చుకొనిరి. ఇది ఆయన మొదటి కొలువు. వంటవాడు ఇంటిలోనివాడును కాడు, బయటివాడును కాడు. పొయ్యికడ నున్నవానికి ఇంటి మాటలన్నియు వినబడును. అతనిని మాత్రము ఎవరును మాటాడించరు. వినుట యను విద్య ఆయనకు అచ్చటనే అబ్బియుండును.

రెండవ కొలువు బెజవాడలో. అచ్చట నొక హోటలున సర్వరుగా చేరిరి. నేడు 65వ సంఖ్య జాతీయరహదారిగా మన కేతేపల్లి మీదుగా సాగు హైదరాబాదు–బెజవాడ బాట వెంట బ్రదుకుతెరువు వెదకికొనుచు ఎందరు యువకులు పోయిరో లెక్కలేదు. వారిలో ఆళ్వారుస్వామిగారొకరు. హోటలు బల్లకడ వకీలును కూర్చుండును, బండివాడును కూర్చుండును, కాంగ్రెసు కార్యకర్తయు కూర్చుండును. సర్వరు అందరికిని కాఫీ అందించును, అందరి భాషయు వినును. మా నల్లగొండ మాటకును కృష్ణాతీరపు మాటకును గల యాసభేదము చెవిన పడినవానికి, తన భాష యేదో తనకు మొదటిసారి తెలియును. ఊరు విడువనివానికి తన యాస యాసగా తోచదు గదా!

మూడవ కొలువు హైదరాబాదున. ఇచ్చట కాలపరిస్థితిని కొంచెము చెప్పవలెను. నిజాము రాజ్యమున తెలుగునకు రాజాదరణ లేదు. సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలెను. ఆ నిబంధనకు గస్తీ నిశాన్ 53 అని పేరు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. 1922లో మన నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు 'నీలగిరి' పత్రిక నడపిరి. 1926లో పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున 'గోలకొండ' పత్రిక పుట్టెను. తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపణకు సమాధానముగా 354 మంది కవుల రచనలు కూర్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించినదియు ఆయనయే. ఆ గోలకొండ పత్రికలో ఆళ్వారుస్వామిగారు అచ్చు చిత్తులు దిద్దు ప్రూఫురీడరుగా చేరిరి. ఇతరుల వాక్యములలో దీర్ఘములు, ఒత్తులు దిద్దుట చూచుటకు చిన్న పనియే. కాని లెక్కలు వ్రాయువానిగా నాకొక సంగతి తెలియును: ఇతరుల చిట్టాలు సరిచూచుటలో చేయి తిరిగినవాడు తన చిట్టా వ్రాసికొనునపుడు అంకె తప్పడు. కళాశాల గడప త్రొక్కని యువకునికి ఆ ముద్రణాలయమే కళాశాలయయ్యెను.

నాలుగవ కొలువు ఆయన తనకు తాను కల్పించుకొన్నది. 1938లో 'దేశోద్ధారక గ్రంథమాల'ను స్థాపించిరి. ఆ యేటనే దివంగతులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బిరుదమే ఆ మాలకు నామమయ్యెను. ధనము లేదు, అంగడి లేదు. పుస్తకముల మూట భుజమున వైచికొని ఊరూర తిరిగి అమ్మిరి. బళ్లును మోటార్లును పోని పల్లెలకు సైతము ఆ మూట పోయెను. పుస్తకము కొనలేనివానికి పుస్తకమునందలి విషయము చెప్పిరి. చదువురానివానికి చదివి వినిపించిరి. గ్రంథములు అచ్చువేయువారు అనేకులు కలరు. తాను వేసిన గ్రంథమును పాఠకుని చేతిలో పెట్టి, వాని ముఖము చూచినవారు అరుదు. ఎట్టి వాక్యము పల్లెటూరివాని మనసున నాటుకొనునో, ఎట్టిది పైపైన జారిపోవునో ఆయనకు తెలిసినట్లు ఇంకెవరికి తెలియును?

ఐదవ మజిలీ కారాగారము. ఆంధ్రమహాసభలోను, కమ్యూనిస్టు ఉద్యమమునను పనిచేసినందున ఆయన అనేక సంవత్సరములు చెరసాలలో గడపిరి. నిజామాబాదు జైలున యువకవి దాశరథి కృష్ణమాచార్యులుగారు ఆయనకు సహవాసులు. కలము, కాగితము దొరకనిచోట దాశరథిగారు బొగ్గుముక్కతో గోడమీద పద్యములు వ్రాసిన కథ మన జిల్లాలలో పిల్లలకును తెలిసినదే. దాశరథిగారు తమ 'అగ్నిధార' కావ్యమును ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చిరి. పూర్వకవులు ప్రభువులకు కృతులిచ్చి అగ్రహారములు పొందిరి. ఈ కవి ఒకనాటి వంటవానికి, సర్వరుకు, పుస్తకముల మూట మోసినవానికి కృతినిచ్చెను. మన సాహిత్యచరిత్రలో ఇది చిన్న సంగతి గాదు.

చెరనుండి వెలువడిన పిదప ఆళ్వారుస్వామిగారు వ్రాసిన కథలసంపుటి పేరు 'జైలు లోపల'. జైలుకు పోయిన నాయకులు సాధారణముగా తమ బాధలు, తమ సిద్ధాంతములు వ్రాసికొందురు. ఈయన చూపు తన గదిని దాటి ప్రక్క గదిలోని ఖైదీలపై పడెను. దొంగతనముచేసి వచ్చినవాడు, హత్య చేసి వచ్చినవాడు, విధిలేక తప్పుదారి పట్టినవాడు ఆ కథలలో మనుష్యులై కనబడుదురు. ఒక కథకు 'పతితుని హృదయం' అని పేరు పెట్టుటలోనే ఆయన దృష్టి తేటపడుచున్నది. వంటయింటిలో ఆరంభమైన ఆ వినుట చెరసాలలో ఫలించెనని నా నమ్మకము.

పిమ్మట 'ప్రజల మనిషి' యను నవల వ్రాసిరి. నిజాము కాలపు తెలంగాణ పల్లెబ్రదుకును, దొరల గడీని, వెట్టిని, అందుండి తలయెత్తిన సామాన్యుని చిత్రించిన తొలి నవలలలో ఇది యొకటి. దిమ్మెగూడెమను ఊరిని, రామభూపాలరావను దొరను, కంఠీరవమను యువకుని అందు సృజించిరి. కంఠీరవమునందు రచయిత తన బ్రదుకునే కొంత పొదిగెనని చదువరులు గుర్తింపకపోరు. దాని తరువాతి కాలమును చిత్రింప బూని 'గంగు' నవల ఆరంభించిరి, అది పూర్తికాలేదు. 1961వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన, నలువదియైదేండ్ల వయసుననే ఆయన కన్నుమూసిరి. అసంపూర్ణముగనే 'గంగు' ఆయన మరణానంతరము అచ్చయ్యెను. మిగిలిన కాలమును చెప్పు బాధ్యతను దాశరథిగారి తమ్ములు రంగాచార్యులుగారు తలకెత్తుకొని 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' మొదలగు నవలలు వ్రాసిరి.

ఆ సోదరుల చరిత్రమును ఈ సందర్భమున స్మరింపదగినదే. కృష్ణమాచార్యులుగారు ఉపాధ్యాయులుగా, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా, ఆకాశవాణి ప్రయోక్తగా పనులు చేసి, 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవియైరి. తమ బ్రదుకును 'యాత్రాస్మృతి'గా వ్రాసికొనిరి. రంగాచార్యులుగారు ఉద్యమమున పాల్గొని, ఉపాధ్యాయులై, గ్రంథాలయమున పనిచేసి, పురపాలక కార్యాలయమున దీర్ఘకాలము ఉద్యోగము చేసి, 'జీవనయానం' అను ఆత్మకథ వ్రాసిరి. అన్నదమ్ములిద్దరును తమ జీవితగ్రంథములకు యాత్ర, యానము అను మాటలనే శీర్షికలలో నిలుపుట యాదృచ్ఛికమో కాదో పాఠకులే విచారింతురుగాక.

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి పలు పనులు చేసిన ప్రతివాడును రచయిత యగునని ఎవరైన తలచిన అది పొరపాటు. పలు పనులు చేసినవారు లోకమున కోట్లకొలది కలరు. వ్రాసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. కనుక వృత్తివైవిధ్యము సరకు నిచ్చునే గాని చేవ్రాత నీయదు. ఇంకను రెండు కావలెను. ఒకటి చదువుకొనుటకు పుస్తకము. రెండవది, వ్రాసినదానిని ఆదరముతో వినువాడు. వీరాస్వామయ్యకు లేఖ లందుకొను మిత్రుడుండెను. ఆ మిత్రుడే లేకున్న ఆ యాత్ర గాలిలో కలిసియుండును. ఆళ్వారుస్వామిగారికి ఉపాధ్యాయుని యింటిలోని పుస్తకములును, గోలకొండ పత్రికయు దొరకెను. దాశరథిగారి గోడ వ్రాతకు ప్రక్కనే చదువరి యుండెను. పుస్తకమును, వినువానిని ఒక్కచోట సమకూర్చునట్టి స్థలమేది? గ్రంథాలయమే గదా!

వినువాడు లేనందున మన జిల్లాలు ఎంత నష్టపోయినవో చెప్పుటకొక నిదర్శనము. తెలంగాణ సాయుధపోరాటమున నల్లగొండ స్త్రీలు వేలకొలదిగ పాల్గొనిరి. అన్నము వండిరి, వార్తలు మోసిరి, తుపాకులు పట్టిరి, అడవుల తిరిగిరి. వారు చేసిన పనుల వైవిధ్యము ఏ రచయితకును తీసిపోదు. అయినను వారి మాట మూడు దశాబ్దములు ఏ పుస్తకమునకును ఎక్కలేదు. స్త్రీశక్తి సంఘటన వారు పోయి, కూర్చుండి, అడిగి, విని వ్రాసికొన్న పిదపనే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథము వెలువడెను. అప్పటికే కన్నుమూసినవారి మాట వారితోనే పోయెను.

నా వృత్తికి సంబంధించిన యొక మాట చెప్పి ముగింతును. మన తెలంగాణ రెవెన్యూ దస్తరములలో సేత్వారు, చౌఫస్లా, ఖాస్రా పహాణీ మొదలగునవి కలవు. అందు సర్వే నెంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు, కాస్తుదారు అను గడులు వరుసగా నుండి, తుదిని 'కైఫియత్' అను గడి యుండును. అంకెలకు లొంగని సంగతులు ఆ గడిలో వ్రాయుదురు. ఆ మాటకు చరిత్రలో గొప్ప గౌరవము కలదు. రెండువందల యేండ్లక్రిందట కర్నలు మెకంజీగారు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు సహాయకుల శ్రమతో ఊరూర కరణములవలన సేకరింపజేసిన గ్రామచరిత్రలకును కైఫియత్తులనియే పేరు. నేడు ఆంధ్రదేశపు గ్రామచరిత్ర వ్రాయువారికి అవియే ఆధారము. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయ్యెను; ఇప్పుడు లెక్కలన్నియు కంప్యూటరులో నున్నవి. భూమి లెక్క నిలిచినది. ఆ భూమిని దున్నినవాని లెక్క యెచ్చట నున్నది?

మన ఊరినే చూడుడు. మూసీ ఆనకట్ట పనికి పోయి రాళ్లు మోసిన ముదుసలులు మన ప్రాంతమున ఉండిరి. తాళ్లెక్కినవారు, మగ్గము నేసినవారు, ఆ మగ్గము నిలువక భీవండికిని సూరతునకును వలసపోయినవారు కలరు. కరవునాట పట్టణమునకు పోయి హమాలీ చేసి, కావలి కాసి, లారీ నడపి, తిరిగి వచ్చి నాగలి పట్టినవారు కలరు. ఇంటిపనియు, పొలముపనియు, బీడీలు చుట్టుటయు ఒక్కచేతిమీద నడపిన స్త్రీలు కలరు. బాణభట్టు మిత్రుల పట్టికకు మన వీథి పట్టిక యేమాత్రమును తక్కువ గాదు. 'మా బ్రదుకులో వ్రాయుటకేమున్నది?' అని వారందురు. ఆళ్వారుస్వామిగారి బ్రదుకులో మాత్రము మొదట నేమున్నది? ఒక పొయ్యి, ఒక హోటలు బల్ల, ఒక పుస్తకముల మూట. ఇన్ని పనులు మారితినేయని సిగ్గుపడువాడు, తాను నిజమునకు ఇన్ని లోకములు చూచితినని తెలిసికొన్ననాడు కలము దానంతటదే చేతికి వచ్చును.

కావున మన గ్రంథాలయ కార్యవర్గమువారికి నా విన్నపమిది. వచ్చు 25 సంవత్సరములలో కొత్త పుస్తకములు కొనుటతో తృప్తిపడక, ఒక బీరువాలో నొక అరను ఊరివారి సొంత వ్రాతలకై విడువవలెను. దానికి 'కేతేపల్లి కైఫియత్' అని పేరిడిన బాగుండును. వ్రాయగలవారు ఒక్కొక్క నోటుపుస్తకమున తాము చేసిన పనులు, చూచిన ఊళ్లు, ఎరిగిన మనుష్యులను గూర్చి వ్రాసి యీయవలెను. వ్రాయలేనివారి కడ చదువుకొన్న పిల్లలు కూర్చుండి, వారి మాట వారి యాసలోనే వ్రాసికొనవలెను. అచ్చువేయనక్కరలేదు, పారవేయకున్న చాలును. వీరాస్వామయ్య లేఖలు మొదట నొక మిత్రుని పెట్టెలో నున్నవే గదా.

ఊరు మారినవానిని, పని మారినవానిని చులకన చేయక, దగ్గర కూర్చుండబెట్టుకొని 'ఏమి చూచితివి?' అని యడుగు గ్రంథాలయముగా మన గ్రంథాలయము వర్ధిల్లుగాక! స్వర్ణోత్సవ సంచిక వ్రాయువారికి ఆ అరలోని పుస్తకములే ఆధారములగుగాక!

స్వస్తి.